ఎక్స్‌పెరిమెంటల్ ఎకనామిక్స్: "ఆటలాడించి డబ్బులు పంచడం కూడా పరిశోధనేనా?" అన్నవారికి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో ఏడాది చదువుతున్నారు. ఎక్స్‌పెరిమెంటల్ ఎకనామిక్స్‌లో, అంటే మనుషుల ముందు నిజం డబ్బుతో ఎంపికలు పెట్టి వాళ్ళేం చేస్తారో కొలిచే రంగంలో, పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇంట్లోవాళ్ళూ, ఒకరిద్దరు లెక్చరర్లూ "పిల్లలతో ఆటలాడించి డబ్బులు పంచడం కూడా ఒక పరిశోధనేనా" అంటున్నారు. అందుకని ఈ రంగంలో రోజూ చేసే పని ఏమిటో, లెక్కలు ఎంతవరకు రావాలో, ఫలితాలు తారుమారైతే ఏం చేయాలో, చివరికి ఉద్యోగం దొరుకుతుందో లేదో చెప్పమంటున్నారు. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పనిలో ఉన్నాను. మొదటి సగం యూరప్‌లో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో గడిచింది, రెండో సగం ఎక్కువగా మన ఊళ్ళలో. నాకు అనుభవం మీద తేలినవి చెప్తాను.

ముందు ఆ "డబ్బులు పంచడం" సంగతి. దానికి జవాబు మన పక్కనే ఉంది. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఆరు ఊళ్ళను ఎంచుకుని, అక్కడి కుటుంబాల సాగు, ఖర్చు, అప్పు వివరాలు ఏళ్ళ తరబడి రాసుకోవడం మొదలుపెట్టింది. వాటిలో ఔరేపల్లి, డోకూర్ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి. ఆ కార్యక్రమంలో పనిచేసిన హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త 240 కుటుంబాల దగ్గర ఒకే విషయాన్ని రెండు రకాలుగా కొలిచాడు: మనిషి ఎంత రిస్క్ తీసుకోవడానికి ఒప్పుకుంటాడు? మొదటి పద్ధతి ఇంటర్వ్యూ, అంటే "ఇలాంటి పరిస్థితి వస్తే మీరేం చేస్తారు" అని అడగడం. రెండోది నాణెం ఎగరేసి నిజంగా డబ్బు ఇవ్వడం. 50 రూపాయల ఆటలో ఒక ఎంపిక తీసుకుంటే బొమ్మ పడ్డా బొరుసు పడ్డా 50 వస్తుంది. దాని పక్కది తీసుకుంటే ఒకవైపు 45, ఇంకోవైపు 95. ఇంకాస్త ముందుకెళ్తే ఒకవైపు 30, ఇంకోవైపు 150. చిట్టచివరిదాంట్లో ఒకవైపు సున్నా, ఇంకోవైపు 200. అన్నిటికంటే పెద్ద ఆటలో దక్కగల డబ్బు అప్పట్లో ఒక కూలీ నెల సంపాదన కంటే ఎక్కువ.

1980లో అచ్చయిన ఆ పేపర్లో తేలిందేమిటంటే, ఇంటర్వ్యూలో చెప్పినదానికీ డబ్బు కళ్ళెదురుగా ఉన్నప్పుడు చేసినదానికీ పొంతనే లేదు. ఇంటర్వ్యూ జవాబులు అడిగిన మనిషిని బట్టి పక్కకు జరిగాయి. డబ్బుతో కొలిచినప్పుడు మాత్రం, మొత్తం పెద్దదయ్యేసరికి దాదాపు అందరూ ఒక మోస్తరు జాగ్రత్తపరులుగానే కనిపించారు. ఆస్తి ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. "పేద రైతు భయస్తుడు, అందుకే కొత్త విత్తనం వేయడు" అనే మాట మీరూ వినే ఉంటారు. జాగ్రత్త అందరిలో ఇంచుమించు ఒకేలా ఉన్నప్పుడు ఆ మాట నిలబడదు. తేడా ఎక్కడుందో వేరే చోట వెతకాలి: అప్పు ఎవరికి దొరుకుతోంది, ఎరువు ఎవరి చేతికి అందుతోంది, పంట ఎవరు కొంటున్నారు. నాణెం ఎగరేసి డబ్బు చేతిలో పెట్టబట్టే ఈ మాట గట్టిగా అనగలిగాం. మీ లెక్చరర్ మళ్ళీ అడిగితే ఈ పేపర్ ఆయన ముందు పెట్టండి.

అసలు ఈ రంగం మొలకెత్తిందే క్లాసురూములో. హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ చాంబర్లిన్ విద్యార్థులకు కార్డులు పంచి, కొందరిని కొనేవాళ్ళుగా కొందరిని అమ్మేవాళ్ళుగా చేసి, గదిలో తిరుగుతూ బేరమాడుకోమనేవాడు. ధరలు గిరాకీ-సరఫరా సిద్ధాంతం చెప్పిన చోటికి రావడం లేదని 1948లో రాశాడు. ఆ ఆటలో విద్యార్థిగా పాల్గొన్న వెర్నన్ స్మిత్ తర్వాత పర్డ్యూ యూనివర్సిటీలో పాఠం చెప్తూ, 1956లో అదే ప్రయోగాన్ని నియమాలు మార్చి చేశాడు. మూలమూలల్లో జంటలుగా బేరాలు కాకుండా, ప్రతి ధరా గదిలో అందరికీ వినబడేలా చెప్పించాడు. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఇద్దరూ పైకి పాడే వేలంపాట అనుకోండి. దాన్నే మళ్ళీ మళ్ళీ ఆడించాడు. పదకొండు మంది కొనేవాళ్ళు, పదకొండు మంది అమ్మేవాళ్ళు, ఎవరి కార్డు మీద ఏముందో పక్కవాళ్ళకు తెలియదు. అయినా ధర సిద్ధాంతం చెప్పిన 2 డాలర్ల దగ్గరికి వచ్చి చేరింది. మార్కెట్ నియమం మారితే ఫలితం ఎంత మారుతుందో దాంతో బయటపడింది. ఆ పేపర్ అచ్చయింది 1962లో. నోబెల్ వచ్చింది 2002లో, డేనియల్ కానమన్‌తో కలిపి.

ఇక రోజూ చేసే పని. ప్రయోగం జరిగేది గంటన్నర. దానికి ముందు ఆరు నెలలు, దాని తర్వాత రెండు మూడేళ్ళు. ఆ ఆరు నెలల్లో నా సమయాన్ని అన్నిటికంటే ఎక్కువ తినేది ఒకే ఒక్క కాగితం: పాల్గొనేవాళ్ళకు చదివి వినిపించే సూచనల పత్రం. నేను మీకు చెప్పదలచుకున్న అసలు విషయం కూడా ఇదే. మనం అడుగుతున్నది ఎదుటి మనిషికి అర్థం కావాలి, మనం చెప్తున్నది నిజమేనని నమ్మకం కుదరాలి. ఈ రెండూ లేనప్పుడు ఎంత గొప్ప మోడల్ రాసినా, ఎంత బరువైన గణాంకాలు వేసినా చేతికొచ్చేది తాలే.

పాలమూరు వైపు ఒక ఊళ్ళో పంచాయతీ ఆఫీసు వరండాలో పైలట్, అంటే అసలు ప్రయోగానికి ముందు చిన్న ట్రయల్, చేస్తున్నాం. బిన్స్‌వాంగర్ ఆటలాంటిదే, కార్డు మీద ఆరు వరసలు, అంకెలు చదవలేనివాళ్ళ కోసం నోట్ల బొమ్మలు. అరవై దాటిన ఒక పెద్దావిడ ఎన్నిసార్లు అడిగినా అన్నిటికంటే భద్రమైన వరస మీదే వేలు పెట్టింది. నా దగ్గర పనిచేసే కుర్రాడు ట్యాబ్‌లో ఆ గడే నొక్కాడు. లెక్కప్రకారం ఆవిడకు రిస్క్ అంటే విపరీతమైన భయమని నమోదైపోయింది. డబ్బులు కవర్లో పెట్టి ఇచ్చాక కూడా ఆవిడ లేవలేదు. కవరు చీర కొంగులో ముడేసుకుంటూ మెల్లగా అడిగింది: "బిడ్డా, అటుదిక్కు పడితే నేనెంత కట్టాలె?" మా కాగితంలో "తక్కువ వస్తుంది" అనాల్సిన చోట "నష్టపోతారు" అని రాసి ఉంది. చీటీలో మునిగిన మనిషికి నష్టమంటే చేతిలోది పోవడమే. మా కాగితంలోని తప్పు ఆవిడ స్వభావం కింద డేటాలోకి ఎక్కింది. ఆ రాత్రి ఆ మాట మార్చాం. "మీ చేతి డబ్బు ఒక్క రూపాయి కూడా అడగం" అనే వాక్యాన్ని అన్నిటికంటే ముందుకు తెచ్చాం. మర్నాడు పక్క ఊళ్ళో చేస్తే భద్రమైన వరసకు అతుక్కుపోయేవాళ్ళు బాగా తగ్గారు. ముందురోజు డేటా మొత్తం పక్కన పడేశాం. ఆవిడ అడగకపోయి ఉంటే అది పేపర్లోకి వెళ్ళేది. ఇప్పటికీ తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

అప్పటినుంచి ఇంగ్లిష్‌లో రాసి తెలుగులోకి తిప్పడం మానేశాను. తెలుగులోనే మొదలుపెడతాను. "సంభావ్యత" అంటే డిగ్రీ చదివినవాళ్ళకు కూడా ఎక్కదు. సంచిలో పది గోళీలు, మూడు ఎర్రవి ఏడు తెల్లవి, చూడకుండా ఒకటి తీయండి అంటే పదేళ్ళ పిల్లాడికీ తెలుస్తుంది. "లాటరీ" అన్నామా, జూదమాడమంటున్నారని కొందరు లేచి వెళ్ళిపోతారు. ఉమ్మడి ఖాతా ఆట ఒకటుంది. నలుగురిది ఒక జట్టు, తలా 20 టోకెన్లు. ఎవరైనా ఉమ్మడిలో ఒక టోకెన్ వేస్తే జట్టులో ప్రతి ఒక్కరికీ 0.4 చొప్పున వస్తుంది. వేసినవాడికి 0.6 నష్టం, జట్టుకు మొత్తంగా వచ్చేది 1.6. అందరూ అంతా వేస్తే అందరికీ 32, ఎవరూ వేయకపోతే 20 దగ్గరే. దీన్ని "చందా" అని పరిచయం చేస్తే వినాయక చవితి పందిరి కళ్ళముందు కదులుతుంది, ఎంతో కొంత వేయకపోతే మర్యాద కాదనిపిస్తుంది. "పెట్టుబడి" అంటే మనసులో ఇంకో లెక్క మొదలవుతుంది. కెన్యాలో ఓర్మా అనే పశుపాలకుల దగ్గర ఇదే ఆట ఆడించినప్పుడు వాళ్ళు వెంటనే "ఇది మా హరాంబీ కదా" అని గుర్తుపట్టారు. హరాంబీ అంటే ఊరికి బడో రోడ్డో కట్టుకోవడానికి తలా కొంత వేసుకునే వాళ్ళ పద్ధతి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులతో చేసిన వేరే ప్రయోగంలో ఒకే ఆటకు ఒకచోట షేర్ల వ్యాపారానికి పేరుపడ్డ వాల్‌స్ట్రీట్ పేరూ, ఇంకోచోట కమ్యూనిటీ పేరూ పెడితే రెండో పేరు విన్నవాళ్ళలో సహకారం దాదాపు రెట్టింపు. ఒక్క మాట బరువు అంత.

పేరు చాలు, కులం తెలిసిపోతుంది మన దగ్గర. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్‌లో బడి పిల్లలకు చిక్కుదారి పజిళ్ళు ఇచ్చి, పూర్తిచేసినదాన్ని బట్టి డబ్బిచ్చారు. కులం ప్రస్తావన రానప్పుడు అణగారిన కులాల పిల్లలు మిగతావాళ్ళతో సమానంగా చేశారు. అందరి ముందూ పేరూ కులమూ చదివాక మాత్రం వాళ్ళ పని గణనీయంగా పడిపోయింది. ఆ పేపర్ చదివిన రోజు నుంచి నా సెషన్లలో ఎవరినీ పేరుపెట్టి పిలవనివ్వను. తలుపు దగ్గర నంబరు బిళ్ళ ఇస్తాం, చివరి దాకా ఆ నంబరే. డబ్బు కూడా ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, అంటించిన కవర్లో ఇస్తాం. ఎవరికెంత వచ్చిందో పక్కింటివాళ్ళకు తెలిస్తే ఆ మనిషికి ఆ సాయంత్రమే అప్పు అడిగేవాళ్ళు తయారవుతారు.

నమ్మకం సంగతి. మన రంగంలో గట్టి కట్టుబాటు ఒకటుంది: పాల్గొనేవాళ్ళకు అబద్ధం చెప్పకూడదు. సైకాలజీలో అవసరమైతే మభ్యపెట్టి, తర్వాత అసలు విషయం వివరిస్తారు. మనం ఆ పని చేస్తే పేపర్ మంచి జర్నల్లో పడదు. ఇది చాదస్తం కాదు. "అవతల నిజంగా ఇంకో మనిషే ఉన్నాడు" అని మనం చెప్పినప్పుడు వాళ్ళు నమ్మకపోతే ఆ ల్యాబ్‌లో ఆ తర్వాత చేసే ప్రయోగాలన్నీ చెడతాయి. ఒకరు చేసిన మోసానికి మిగతా అందరూ మూల్యం కట్టాలి. ఊళ్ళో అయితే మాట ఇంకా వేగంగా పాకుతుంది.

ల్యాబ్ సెషన్ అంటే ఎలా ఉంటుందో కూడా చెప్తాను. ఇరవై నాలుగు కంప్యూటర్లు, మధ్యన అడ్డుగోడలు. జట్టుకు నలుగురు కాబట్టి 24 మంది కావాలి. 28 మందిని పిలుస్తాం, ఎందుకంటే కొందరు రారు. 23 మందే వచ్చారనుకోండి, ముగ్గురికి వచ్చినందుకు ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చి పంపేసి ఇరవై మందితో నడపాలి. సూచనలు పైకి చదువుతాం. అర్థమైందో లేదో చూడ్డానికి నాలుగైదు లెక్కలు ఇస్తాం, అందరూ సరిగ్గా చేసేదాకా ఆట మొదలవదు. సాఫ్ట్‌వేర్‌కి జూరిక్‌లో ఉర్స్ ఫిష్‌బాకర్ రాసిన జెడ్-ట్రీ చాలాకాలం రాజ్యమేలింది. ఇప్పుడు నా విద్యార్థులంతా పైథాన్‌లో నడిచే ఓ-ట్రీ వాడుతున్నారు, మీరూ అదే నేర్చుకోండి. ఊళ్ళో ఇవేవీ ఉండవు. గోళీలు, సంచి, కవర్లు, చిల్లర. చిల్లర మరిచిపోయి సెషన్ ఆగిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

లెక్కల గురించి అడిగారు. పీహెచ్‌డీ మొదటి రెండేళ్ళూ అందరితో పాటు మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్ గట్టిగా చదవాల్సిందే, అక్కడ తప్పించుకునే దారి లేదు. ఆ తర్వాత మీకు రోజూ పనికొచ్చేవి గేమ్ థియరీ, గణాంకాలు. ముఖ్యంగా ఒక విషయం ఇప్పుడే బుర్రలో పెట్టుకోండి. పైన చెప్పిన 24 మంది, ఆరు జట్లుగా పది రౌండ్లు ఆడారనుకోండి. డేటాలో 240 వరసలు కనిపిస్తాయి. కానీ ఒక జట్టులో నలుగురూ ఒకరి పని చూసి ఇంకొకరు మారుతుంటారు. అందువల్ల మీ చేతిలో నిజంగా ఉన్న స్వతంత్ర పరిశీలనలు ఆరే. ప్రతి రౌండుకూ జట్లు కలిపేస్తే మొత్తం సెషన్‌కి ఒక్కటే. ఈ లెక్క ప్రయోగం అయ్యాక కాదు, డబ్బు అడిగేముందే వేయాలి. సమీక్షకు వచ్చే పేపర్లలో నేను వెనక్కి పంపేవాటిలో చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. చదివి బాధేస్తుంది, ఎందుకంటే అప్పటికే పిల్లల రెండేళ్ళూ, గ్రాంటూ ఖర్చయిపోయి ఉంటాయి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి: తలా 500 చొప్పున 160 మంది అంటే 80,000. పీహెచ్‌డీ విద్యార్థికి ఇది పెద్ద మొత్తమే, చిన్న గ్రాంట్లు రాసి తెచ్చుకోవాలి. అమెరికా ల్యాబ్‌లో ఇవ్వలేనంత పెద్ద మొత్తం ఇక్కడ ఇవ్వగలమని విదేశీ పరిశోధకులు మన దేశానికి రావడం ఎప్పటినుంచో ఉంది. అల్టిమేటం ఆటలో ఒకరు డబ్బు పంచుతారు, రెండోవాళ్ళు కాదంటే ఇద్దరికీ సున్నా. 1982లో జర్మనీలో ఈ ఆట మొదలుపెట్టినప్పటి నుంచి, మరీ తక్కువ ఇస్తే జనం కోపంతో కాదనడం చాలాచోట్ల చూస్తూనే ఉన్నారు. 2011లో అచ్చయిన ఒక అధ్యయనం మన ఈశాన్య భారతంలో పంచే మొత్తాన్ని 20 రూపాయల నుంచి 20,000 దాకా పెంచింది. పెద్ద మొత్తాల దగ్గర కాదనేవాళ్ళు దాదాపు కనిపించలేదు. మంచి పని, ఒప్పుకుంటాను. అయితే నెలల సంపాదనను ఒక పేదమనిషి ముందు పెట్టి చూసేటప్పుడు మన బాధ్యత కూడా ఆ మేరకు పెరుగుతుంది. ఎథిక్స్ కమిటీ సంతకం అయిపోయింది కదా అని ఊరుకునేది కాదు.

ఫలితాలు తారుమారైతే ఏం చేయాలని కూడా అడిగారు. ఏమీ దొరకకపోవడం కూడా ఫలితమే, ఆ మాట మీ గైడ్‌తో మొదటిరోజే మాట్లాడుకోండి. 2016లో ఒక బృందం రెండు పెద్ద జర్నళ్ళలో వచ్చిన 18 ల్యాబ్ ప్రయోగాలను మళ్ళీ చేసి చూసింది. పదకొండింటిలో పాత ఫలితం మళ్ళీ వచ్చింది, సగటున ప్రభావం మొదట చెప్పినదానిలో మూడింట రెండు వంతులే. కొందరు దీన్ని రంగానికి తలవంపుగా చూశారు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది, మన తప్పులు మనమే పట్టుకోగలుగుతున్నామని. ఇప్పుడు ఏం చేయబోతున్నామో, ఏది కొలవబోతున్నామో ముందే రిజిస్ట్రీలో రాసిపెట్టి తేదీ వేయించుకుంటాం. మీరు మొదటి ప్రయోగం నుంచే ఆ అలవాటు చేసుకోండి.

ల్యాబ్‌లోనే ఉండిపోవాలని లేదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ క్రెమర్‌లకు 2019లో నోబెల్ తెచ్చింది ఫీల్డు ప్రయోగాలే. హైదరాబాద్‌లో 104 బస్తీలను తీసుకుని, చీటీ వేసినట్టు సగం బస్తీల్లో ముందుగా మైక్రోఫైనాన్స్ బ్రాంచి తెరిపించి చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. చిన్న వ్యాపారాల్లో కొంత కదలిక వచ్చింది కానీ కుటుంబాల జీవితం పెద్దగా మారిపోలేదు. అప్పటిదాకా రెండువైపులా అరుపులే ఉన్న చర్చకు ఆ అంకెలు కాళ్ళు నేలమీద పెట్టించాయి.

ఉద్యోగం. యూనివర్సిటీ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, అది దాచను. మన దేశంలో ఐఐఎంలు, ఐఐటీలు, కొత్త ప్రైవేటు యూనివర్సిటీలు ఈ పని చేసేవాళ్ళను తీసుకుంటున్నాయి. ల్యాబులు బలంగా ఉన్న చోట్లు యూరప్‌లో ఎక్కువ: బాన్, కొలోన్, జూరిక్, ఆమ్‌స్టర్‌డామ్, నాటింగ్‌హామ్. అమెరికాలో కాల్‌టెక్, చాప్‌మన్, జార్జ్ మేసన్, పర్డ్యూ చూడండి. అమెరికాలో అయిదారేళ్ళు, యూరప్‌లో మాస్టర్స్ తర్వాత మూడు నాలుగేళ్ళు పడుతుంది. వెంటనే దూకకండి. ముందు ఒకటి రెండేళ్ళు ఫీల్డు ప్రయోగాలు నడిపే జె-పాల్ దక్షిణాసియా లాంటి పరిశోధన సంస్థలో రీసెర్చ్ అసోసియేట్‌గా చేరండి. సర్వే బృందాన్ని నడపడం, చెడిన డేటాను పట్టుకోవడం, మండుటెండలో మనుషులతో ఓపికగా మాట్లాడటం అక్కడ వస్తాయి. తెలుగు మీ మాతృభాష కావడం అక్కడ నిజమైన బలం. దాన్ని దరఖాస్తులో చివరి వరసలో రాయకండి.

ఈ వారం ఒక పని చేయండి. బిన్స్‌వాంగర్ ఆటను ఒకే పేజీలో, తెలుగులో, మీ అంతట మీరు రాయండి. ఆ పేజీని మీ అమ్మమ్మకో, మీ వీధి చివర కూరగాయలమ్మే ఆవిడకో చదివి వినిపించండి. తర్వాత ఆట ఎలా ఆడాలో వాళ్ళనే మీకు వివరించమనండి. మధ్యలో సర్దిచెప్పకుండా విని, వాళ్ళు అన్నమాట అన్నట్టుగానే రాసుకోండి. ఆ పేజీ, వాళ్ళు చెప్పింది, రెండూ నాకు పంపండి. కూర్చుని చదువుతాను.